దీక్షలో విన్న మూడో ఆల్బం

నా పని మనుషులను అడగడం. జగిత్యాలలో నాకు కండ్లద్దాల దుకాణం ఉంది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనుప ఫ్రేము నిలబెట్టి, అందులో ఒక అద్దం వేస్తాను. "ఇది మంచిగున్నదా?" అది తీసి ఇంకోటి వేస్తాను. "ఇదా, అదా?" ఎదుటి గోడ మీది చిన్న అక్షరాలు చదవలేకపోయిన మనిషిని నేనెప్పుడూ వెక్కిరించలేదు. మీ కండ్లు పాడైనయని ఎవరితోనూ అనలేదు. ఇదా అదా అని అడుగుతూ పోతే ఏదో ఒక అద్దం దగ్గర ఆ మనిషి మొహం విచ్చుకుంటుంది. నాకు తెలిసిన విద్య అంతే.

షట్టరు దించి కోరుట్ల బస్సు ఎక్కేసరికి ఈ ఓపిక ఎటు పోతుందో తెలియదు. ఇంట్లో నేను అడగను, చెప్తాను. ఎవరూ అడగకముందే చెప్తాను. పప్పులో పులుపు గురించి, పక్కింటివాళ్ళు గోడకు వేసిన రంగు గురించి, పెండ్లి పత్రికలో అచ్చుతప్పుల గురించి, అన్నింటికన్నా ఎక్కువగా మా బామ్మర్ది పాటల గురించి.

మా బామ్మర్దిది సిరిసిల్ల. పగలు ఇంట్లోని సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద బట్ట నేస్తాడు. సాయంత్రం గిటారు పట్టుకుంటాడు. వాళ్ళ బ్యాండ్‌లో ముగ్గురు. వీడు పాటలు రాసి పాడతాడు. వీడి చిన్ననాటి దోస్తు డ్రమ్స్ వాయిస్తాడు. బాస్ గిటారు వాయించే అతను రుద్రంగిలో వ్యవసాయం చేస్తాడు. నాట్లప్పుడు, కోతలప్పుడు రాడు. అందుకే వాళ్ళ పాటల్లో బాస్ వినపడకపోతే ఆ పాట ఏ కాలంలో రికార్డు చేశారో నేను ఇట్టే చెప్పగలను.

వాళ్ళు తమ సంగీతాన్ని ఇండీ రాక్ అంటారు. ఏ కంపెనీ చేతిలోనూ లేకుండా తమకు తోచింది తాము చేసుకోవడమని దాని అర్థమట. మా అత్తమ్మ దాన్ని "మొత్తుకునుడు" అంటుంది. "పొద్దంత సాంచల మోత, పొద్దూకినంక వీళ్ళ మోత. నా చెవులు ఏ జన్మల ఏం పాపం జేసినయో" అంటూనే ముగ్గురికీ చాయ్ మీది రేకుల గదికి పంపిస్తుంది.

మొదటి ఆల్బం పేరు 'కరెంటు పోయినంక'. పేరు కవిత్వం కోసం పెట్టింది కాదు. కరెంటు ఉంటే కింద సాంచాలు నడుస్తాయి, ఆ మోతలో పాట రికార్డు కాదు. కరెంటు పోతే సాంచాలు ఆగుతాయి, వాటితోపాటు కరెంటు గిటారూ ఆగుతుంది. అందుకని మామూలు కట్టె గిటారుతో, డ్రమ్ముల బదులు బోర్లించిన బకెట్‌తో, కరెంటు పోయినప్పుడల్లా ఫోనులో రికార్డు చేశారు. ఒక పాట చివర కరెంటు తిరిగివచ్చి, ఆపడం మరిచిన సాంచా ఒకటి టకటకమని మొదలవుతుంది. వెనక నుంచి మా మామయ్య ఎవరినో కేకేయడం కూడా వినిపిస్తుంది. ఆ కేక సరిగ్గా తాళంలో పడిందని డ్రమ్మర్ ఇప్పటికీ మెచ్చుకుంటాడు.

ఆ ఆల్బంలో ఆఖరి బస్సు తప్పిపోయినవాడి మీద ఒక పాట ఉంది. రెండో చరణంలో బామ్మర్దికి ఎందుకో నవ్వొచ్చి సగం లైను మింగేశాడు. మింగేసినట్టే ఉంచారు. "ఆ నవ్వు కోసెయ్, పిల్లలాటలెక్కున్నది" అన్నాను నేను. వాడు కొయ్యలేదు. ఇప్పుడు ఆ ఆల్బం తలుచుకుంటే నాకు మొదట వినిపించేది ఆ నవ్వే. బస్సు పోయినవాడికి ఏడుపు వచ్చే ముందు ఒక నవ్వు వస్తుంది కదా, సరిగ్గా అది. ఈ మాట అప్పుడే అని ఉంటే నా నోరేమీ అరిగిపోయేది కాదు.

రెండో ఆల్బం నాటికి వాళ్ళకు ధైర్యం పెరిగింది. హైదరాబాదులో ఎవరిదో స్టూడియోకు వెళ్ళి రికార్డు చేశారు. దాని పేరు 'అంతరాంతర నీరవం'. మా అత్తమ్మ ఆ పేరును ఒక్కసారి కూడా పూర్తిగా అనలేకపోయింది. "గదే, మా వోడు చేసిన గా అంతర" అని ఆపేసేది. పాటలన్నీ గ్రాంథికం. సిరిసిల్లలో పుట్టి పెరిగి, చాయ్‌లో చక్కెర తక్కువైతే "ఏందే గిది" అని అరిచేవాడు, పాటలో "ఏల ఈ రేయి" అంటూ సాగదీశాడు. గొంతుకు ఎంత ప్రతిధ్వని పెట్టారంటే, ఒక మాట అన్నాక అది వెళ్ళి తిరిగి వచ్చేలోపు మనం మంచినీళ్ళు తాగి రావచ్చు.

ఇంతవరకు నా అభిప్రాయం తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను. కానీ నేను చేసింది వేరు. విడుదలైన పొద్దున్నే మూడు పాటలు విని, బస్సులో నిలబడి, బంధువులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: "ఎవరివో అద్దాలు పెట్టుకొని పాడినట్టున్నది. పాడినోనికి తల తిరుగుతది, విన్నోనికి తల నొస్తది."

అందరూ నవ్వారు. నవ్వు బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. జగిత్యాల చేరేదాకా వాటిని చూసుకుంటూ నేనూ మురిసిపోయాను. సాయంత్రానికి ఎవరో ఆ మాటను యూట్యూబులో వాళ్ళ పాట కింద పెట్టారు. వారం తిరిగేసరికి సిరిసిల్ల చాయ్ హోటల్లో మా బామ్మర్దిని "ఏం తమ్మీ, ఇయ్యాల ఎవలి అద్దాలు?" అని అడగడం మొదలైంది.

వాడు నాతో పోట్లాడలేదు. అంతకుముందు ఆదివారం ఆదివారం కోరుట్లకు వచ్చేవాడు, రావడం మానేశాడు. కొత్త పాట కట్టగానే ఫోనులో పాడి పంపి "బావా, ఎట్లున్నది?" అని అడిగేవాడు, అదీ ఆగింది. పండుగకు వెళితే కాళ్ళకు నీళ్ళిచ్చాడు, కుర్చీ వేశాడు, "మంచిగున్నవా బావా" అన్నాడు. అంత మర్యాద వాడి నుంచి నేనెన్నడూ పొందలేదు. అది చాలా బాధగా ఉండింది.

ఈ మధ్యలో మా ఇంటామె ద్వారా ఒక సంగతి తెలిసింది. మూడో ఆల్బం తయారవుతోంది. అది కూడా తేలిపోతే బ్యాండ్ మూసేద్దామని ముగ్గురూ అనుకున్నారట. డ్రమ్మర్‌కు కువైట్ వీసా వచ్చి ఉంది, ఆల్బం అయ్యేదాకా ప్రయాణం ఆపుకున్నాడు. బామ్మర్ది గిటారు అటక మీద పెట్టేస్తానన్నాడట.

"నువ్వు ఈసారి ఏమనకు" అంది మా ఇంటామె.

"నేనేమంటనే? మంచిగుంటే మంచిగున్నదంట."

"గదే భయం."

కొన్నాళ్ళకు ఆమె ఇంకో మాట తెచ్చింది. ఎండాకాలం మొదట్లో మా వైపు ఆంజనేయస్వామి మాల వేసుకుంటారు. మండలం రోజులు కాషాయం కట్టి, చెప్పులు విడిచి, చన్నీళ్ళ స్నానాలతో దీక్ష చేసి, చివర కొండగట్టుకు వెళ్ళి మాల తీస్తారు.

"ఏటా గా స్వాములను జూసి మురుస్తవ్ గదా. ఈసారి నువ్వే ఏసుకోరాదు?" అంది. "నీ మొహానికి కాషాయం మస్తుగుంటది."

పెండ్లయిన ఇన్నేళ్ళలో నా మొహానికి ఏదైనా బాగుంటుందని ఆమె అనడం అదే మొదటిసారి. నాలో భక్తి ఉందని ఇన్నాళ్ళకు ఒకరు గుర్తించారని పొంగిపోయాను. మారుమాట లేకుండా వేసుకున్నాను.

దీక్షలో ఎదుటివాళ్ళందరూ స్వాములే. భార్య మాత. కోపం పనికిరాదు, పరుషమైన మాట పనికిరాదు, అబద్ధం పనికిరాదు. మాల వేసిన గురుస్వామిని ఒక అనుమానం అడిగాను.

"స్వామీ, పాటలు వినొచ్చునా?"

"సినిమా పాటలు ఒద్దు స్వామీ."

"సినిమావి కావు స్వామీ. ఇండీ రాక్."

"గదేంది?"

"మా బామ్మర్ది పాడుతడు."

"ఇంటోళ్ళ పాటనే గద, ఇనుండ్రి. కని ఒకటి. లేనిది ఉన్నదనద్దు. ఉన్నదాన్ని కించపరచద్దు."

ఆ రెండు షరతుల మధ్య ఎంత ఇరుకుందో నాకు అప్పుడు తెలియలేదు.

దీక్ష సగంలో ఉండగా అత్తగారింట్లో భిక్షకు పిలిచారు. మా ఇంటామెతో కలిసి స్వామిగా వెళ్ళాను. మా అత్తమ్మ నన్ను "స్వామీ, ఇంకొంచెం పప్పు" అంటుంటే ఎవరినో అంటున్నదని వెనక్కి చూశాను. భోజనమయ్యాక బామ్మర్ది చిన్న స్పీకరు తెచ్చి మధ్యలో పెట్టాడు. డ్రమ్మర్ గడపలో కూర్చున్నాడు.

"ఆల్బం అయింది స్వామీ. ఇంక బయట పెట్టలేదు. ఇంటోళ్ళకే మొదలు" అన్నాడు బామ్మర్ది. నన్నే చూస్తూ అన్నాడు.

దాని పేరు 'వాపసు'. మొదటి పాటలో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ అట్టపెట్టె ఉంది. మార్కరుతో పెద్ద పెద్ద అక్షరాలతో పేరు, నాలుగు వైపులా తాడు. తాడు బిగించి ముడి వేసేటప్పుడు వచ్చే చప్పుడును గిటారులో ఎలా పట్టారో గానీ పట్టారు. వింటుంటే నా ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాతిది జగిత్యాల మామిడి మార్కెట్ పాట. మొదలు బ్రహ్మాండం. మధ్యలో గిటారు ఒంటరిగా ఎంతసేపు మోగిందంటే, ఈలోపు ఒక లారీ నింపి నాగ్‌పూర్ పంపేయవచ్చు. ఈ మాట నాలుక చివరకు వచ్చింది. మెడలో మాల తగిలింది. మింగాను. ఆల్బం పేరే ఉన్న పాటలో వాడి గొంతు పల్లవి దగ్గర బిగుసుకుపోయింది, స్కూలు జెండా పండుగలో పాడుతున్నట్టు. అదీ మింగాను. ఆ రోజు నేను భిక్షకన్నా మాటలే ఎక్కువ మింగాను.

పాటలు అయిపోయాయి. అందరూ నా వైపు చూశారు.

"మంచి ప్రయత్నం స్వామీ" అన్నాను. "ఆ ఆంజనేయుడు చల్లగ జూడాలె."

మా ఇంటామె మొహంలో దీపావళి. బామ్మర్ది మొహం మాత్రం పాలిపోయింది. గడపలోని డ్రమ్మర్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. నాకు అర్థం కాలేదు. జీవితంలో మొదటిసారి వీళ్ళను తిట్టకుండా వదిలేశాను, ఇంకేం కావాలి వీళ్ళకు?

నాలుగు రోజుల తర్వాత దుకాణం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా ఇంటామె వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"తమ్ముడు ఆల్బం ఆపేసిండట" అంది.

"ఎందుకు మాతా?"

"నీ వల్లనే."

"నేనేమన్న? ఒక్క మాట అన్ననా?"

"అనలేదనే. 'అక్కా, బావ తిట్టలేదంటే తిట్టుటానికి గూడ పనికిరాకుంట ఉన్నదన్నట్టు. సచ్చినోన్ని ఎవలు తిడుతరు' అంటుండు. డ్రమ్ముల తమ్ముడు టికెట్ బుక్ చేసుకుంటుండట."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"నిజం చెప్పాల్నా? నీకు మాల ఏసుకొమ్మని గందుకే చెప్పిన. ఆల్బం ఎప్పుడస్తదో తమ్మున్ని అడిగి, దినాలు చూసుకొని చెప్పిన. మాల మెడల ఉంటె నోరు కట్టేసినట్టుంటదనుకున్న. గిట్లయితదనుకోలే."

అంటే నా భక్తి, నా మొహానికి నప్పిన కాషాయం, అంతా నా నోటికి వేసిన తాళమన్నమాట. మాలలో లేకపోతే ఆ క్షణంలో ఏమనేవాణ్ణో. "స్వామియే దిక్కు" అన్నాను. ఆమె నవ్వు ఆపుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"రెండో ఆల్బంల ఆరో పాట ఇన్నవా నువ్వు?"

అబద్ధం చెప్పకూడదు. "ఇనలే" అన్నాను. "మూడు పాటలే విన్న. మిగిలినయి ఇప్పటిదాక ఇనలే."

"నాకెరుకే. ఇంటే నాతోని ఏమన్న అంటవ్ గదా అని సూసిన. చానా దినాలు సూసిన." లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు దుకాణం తెరవలేదు. కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా వేములవాడ వెళ్ళే బస్సు ఎక్కాను. అక్కడి నుంచి సిరిసిల్ల. ఎండకు బస్సు మెట్టు కాలింది. చెప్పులు లేని కాళ్ళతో కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, 'అంతరాంతర నీరవం' ఆరో పాట పెట్టాను.

అందులో గ్రాంథికం ముక్క లేదు. ప్రతిధ్వని లేదు. ఒక్క గిటారు. అక్క కండెలు చుడుతుండేది, అంటే సాంచాకు కావలసిన దారాన్ని చిన్న గొట్టాలకు చుట్టేది. తమ్ముడు పక్కన కూర్చుని ఆ రాట్నం చప్పుడుకు పాడేవాడు. పాట తప్పితే అక్క రాట్నం ఆపేది. మళ్ళీ మొదటి నుంచి పాడితేనే తిప్పేది. అక్క కోరుట్లకు పోయాక తప్పు పాడినా ఆపేవాళ్ళు లేరు. ఇంతే పాట. ఎక్కడా ఏడుపు లేదు. చివర గిటారు ఒక్కసారి ఆగి, కొంచెం ఎదురుచూసి, మళ్ళీ మొదలవుతుంది.

మా ఇంటామె గురించి నాకు తెలియని సంగతి అందులో ఉంది. ఆమె తమ్ముడు దాన్ని లోకం ముందు పెట్టిన పొద్దున్నే, మూడు పాటలు దాటి వెళ్ళే ఓపిక లేక, నేను బంధువులను నవ్వించాను. ఆమె ఆ నవ్వు బొమ్మలన్నీ తన ఫోనులో చూసి ఉంటుంది. చూసి, నాకు అన్నం పెట్టి ఉంటుంది. పాట మళ్ళీ పెట్టుకున్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కండ్లద్దాలు తీసి కాషాయం కండువాతో తుడుచుకుంటుంటే పక్కాయన "దుమ్ము మస్తున్నది స్వామీ" అన్నాడు. "అవు స్వామీ" అన్నాను. దీక్షలో నేను ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది.

రుద్రంగిలో బాస్ గిటారు అతను ఎక్కాడు. దుమ్ము పడకుండా గిటారును యూరియా సంచిలో కట్టి తెచ్చాడు. కోతలైపోయాయి కాబట్టి మనిషి తీరికగా ఉన్నాడు. నన్ను చూసి పక్కన చేరాడు.

"నువ్వు గూడ గాడికేనా స్వామీ? ఏమున్నదక్కడ. సామాను పంచుకునుడు ఇయ్యాల."

"గంత మంచి అట్టపెట్టె పాట కట్టి సామాను పంచుకుంటరా?"

అతను నన్ను వింతగా చూశాడు. "మంచిగున్నదా అది?"

"మస్తున్నది."

"మరి నీ పాట ఉంటే ఇంక మస్తుంటుండె" అని, అనేశాక సంచి ముడి వైపు చూశాడు.

"నా పాటేంది?"

మొదట మాటలు నమిలాడు. బస్సు చందుర్తి చేరేలోపు మొత్తం చెప్పాడు. ఆల్బంలో నా మీద ఒక పాట ఉండేదట. మా ఇంటామె తమ్ముణ్ణి బతిమాలి తీయించిందట. "మాలలో ఉన్నోన్ని ఎక్కిరిస్తే పాపం" అన్నదట.

సిరిసిల్లలో అత్తగారింటి మీద రేకుల గది వాళ్ళ అడ్డా. కింద సాంచాలు నడుస్తున్నాయి, నేల సన్నగా అదురుతోంది. నేను మెట్లెక్కేసరికి డ్రమ్మర్ డ్రమ్ములు విప్పి ఒకదానిలో ఒకటి పెడుతున్నాడు. బామ్మర్ది తీగలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మళ్ళీ ఆ మర్యాద.

"కూసో స్వామీ. నీళ్ళు తెమ్మంటవా?"

"నీళ్ళొద్దు. నా పాట పాడుండ్రి."

బామ్మర్ది రుద్రంగి మనిషి వైపు చూశాడు. అతను పైకప్పు రేకుల వైపు చూశాడు.

"ఒద్దు బావా. ఊకె మజాకుకు కట్టింది."

"మజాకు నాకు రాదా? నేను మొదలువెట్టిందే గద."

డ్రమ్మర్ ముందు లేచాడు. "అన్న అడుగుతుండు గదరా. పోయేటోళ్ళమే, ఒకపారి వాయించి పోదం." విప్పిన డ్రమ్ము మళ్ళీ బిగించాడు. కిందికి వంగి మామయ్యను సాంచాలు కొంచెంసేపు ఆపమని కేకేశాడు. చప్పుడు ఆగింది. మొదలుపెట్టారు.

ఇదా అదా అంటడు మా బావ
ఇదన్న తప్పే, అదన్న తప్పే
సూపు సక్కగున్నోనికి గూడ
సోడబుడ్డద్దాలు తగిలిచ్చి పంపె

డ్రమ్మర్ నేను అద్దాలు మార్చినట్టు వాయించాడు. ఒక దెబ్బ, ఆగడం, ఇంకో దెబ్బ, ఆగడం. బాస్ గిటారు నా నడకలాగా నెమ్మదిగా, పెద్దరికంగా వచ్చింది. రెండో చరణంలో బావ దేవుడి గుడికి వెళ్ళి, దేవుడి కండ్లకు కూడా నంబరు చెప్పి వస్తాడు. అక్కడ బామ్మర్దికి నవ్వొచ్చి సగం లైను మింగేశాడు. భయపడి నా వైపు చూశాడు. పాట ఆగబోయింది.

"ఆపకు" అన్నాను. "నవ్వు ఉంచు."

చివరి చరణంలో వెక్కిరింపు లేదు. బావకు మాత్రం దగ్గరి చూపు ఆనదు, ఆయన అద్దాలు ఎవరు పరీక్షిస్తారు అని అడిగి ఆపేశాడు.

నేను కొంచెంసేపు నా కాళ్ళ వేళ్ళను చూసుకున్నాను. దుమ్ముకొట్టుకుని, పగిలి, ఎవరివో అన్నట్టున్నాయి. తర్వాత బామ్మర్దిని కుర్చీలో కూర్చోబెట్టాను. దుకాణంలో కూర్చోబెట్టినట్టే.

"ఇప్పుడు నేనడుగుత, నువ్వు చెప్పు. మామిడి పాటల గిటారు గంత పొడుగున్నది. గట్లనే ఉండాల్నా, సగం ఉండాల్నా? ఇదా, అదా?"

వాడు తల గోక్కున్నాడు. "సగం... సగమే మంచిగుంటది. నాకు గూడ అనిపించింది."

"వాపసు పాట పల్లవి. గొంతు బిగవట్టి పాడినవ్. ఇప్పుడు నా పాట వదులుగ పాడినవ్. ఇదా, అదా?"

"అదే... వదులుగనే."

"అట్టపెట్టె పాట ముట్టుకోకు. తాడు బిగిచ్చే కాడ నాకు రోమాలు లేచినయి. ఆ దినమే చెప్పాలె, నోరు రాలే. మంచి మాట చెప్పుటానికి గూడ నాకు నోరు రాదు, అది నా రోగం. నా పాట తియ్యద్దు. ఆల్బం మొత్తంల అదే మంచిది. అది మొదలు వెట్టు."

"అక్క..."

"మీ అక్కకు నేను చెప్తగని." ఇంకొకటి మిగిలింది. అది కష్టంగా వచ్చింది. "ఆరో పాట ఇయ్యాల ఇన్న. బస్సుల. అప్పుడు ఇనకుంటనే రాసిన రా నేను గా మాట. మూడు పాటలిని."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడే హక్కు వాడికి ఉంది.

"మూడు పాటలకే గట్ల రాసినవా?" అన్నాడు. "మొత్తం ఇంటే ఏం రాసెటోనివో."

డ్రమ్మర్ పగలబడి నవ్వాడు. రుద్రంగి మనిషి యూరియా సంచి మీద కొట్టుకుంటూ నవ్వాడు. "అచ్చిండు రా మన బావ" అన్నాడు బామ్మర్ది వాళ్ళతో. "నేను పోయిండనుకున్న." కిందినుంచి మా అత్తమ్మ కేక వినిపించింది: "ఆపేస్తమని మళ్ళ మొదలువెట్టిన్రా? చాయ్ ఎంతమందికి?"

డ్రమ్మర్‌ను అడిగాను, టికెట్ సంగతి ఏమిటని.

"పోయేది పోతనే అన్నా. ఇల్లు నడవాలె గద. కని మూసి పోవుడు వేరు, ఆపి పోవుడు వేరు" అన్నాడు, డ్రమ్ముకు మర బిగిస్తూ.

ఆ వారంలోనే సరిచేసి ఆల్బం విడుదల చేశారు. మొదటి పాట నాదే. లోకం తలకిందులేమీ కాలేదు. వాళ్ళ పాటలు వినేవాళ్ళే మళ్ళీ విన్నారు, కొంతమంది కొత్తవాళ్ళు చేరారు. ఆ కొంతమందీ నా ప్రాణానికే చేరినట్టున్నారు. ఇప్పుడు జగిత్యాలలో నేను ఇనుప ఫ్రేము పెట్టి "ఇదా, అదా" అనగానే కుర్చీలోని కుర్రవాళ్ళు కిసుక్కుమంటారు. "ఇదన్న తప్పే అదన్న తప్పే" అని ఒకామె నా ఎదుటే పాడి, అద్దాలు మాత్రం వేరే దుకాణంలో తీసుకుంది.

కొండగట్టు మీద మాల తీసిన రోజు బామ్మర్ది, డ్రమ్మర్ వచ్చారు. గుండు మీద ఎండ పడుతుండగా మెట్లు దిగుతున్నాను. ఒక కోతి నా కండ్లద్దాల వైపే చూస్తోంది.

"బావా, ఇప్పుడు మాల లేదు గద. అసలుది చెప్పు" అన్నాడు బామ్మర్ది.

దీక్ష పొడుగునా కూడబెట్టిన మాటలు నా దగ్గర చాలా ఉండాలి. వెతికాను. "అసలుదే చెప్పిన రా" అన్నాను. వాడు నమ్మలేదు, కానీ సంతోషపడ్డాడు. డ్రమ్మర్ ఆ తర్వాత కొద్ది రోజులకే కువైట్ వెళ్ళాడు.

ఇంటికి వచ్చాక మా ఇంటామెను ఒకటి అడిగాను. అడగడం నాకు ఇంట్లో కొత్త. "రాట్నం నిజంగనే ఆపేదానివా, వాడు తప్పువాడితే?" ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "ఆపేదాన్ని" అంది. ఒక రాయి తీసి పక్కన పడేసి, "వాడు కావాలని తప్పువాడేది, నాకు చెయ్యి నొస్తుందని" అంది. అది పాటలో లేదు. తన మంచితనం తానే చెప్పుకోవడం వాడికి రాలేదేమో. ఆమెను నేనెప్పుడూ అడగలేదు, అందుకే ఇన్నాళ్ళు నాకు తెలియలేదు.

మొన్న ఆదివారం వాడు కోరుట్లకు వచ్చాడు. ఫోనులో ఒక పాట రెండు రకాలుగా కట్టి తెచ్చాడు. డ్రమ్ముల చోట ఏదో రేకు మీద కొట్టిన చప్పుడు. కువైట్‌లో డ్యూటీ దిగాక, ఇనుప మంచం పట్టీ మీద వేళ్ళతో వాయించి పంపాడట డ్రమ్మర్. బాస్ లేదు. నాట్లు పడుతున్నాయి.

"ఇదా, అదా బావా?" అన్నాడు.

రెండూ పూర్తిగా విన్నాను. మొదటిదాని గురించి ఒక మంచి వెక్కిరింపు నోట్లోకి వచ్చింది, చాలా మంచిది. చెప్పడానికి గాలి పీల్చుకున్నాను. మా ఇంటామె వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏంది, మాల తియ్యాల్నా బయటికి?"

"రెండోది" అన్నాను. "మంచం సప్పుడు ఇంక జర పెంచు."